మనం లేనప్పటి చప్పుడు

నాకు కుదురు లేదు. చిన్నప్పుడు అమ్మ జడ వేస్తుంటే సగం జడతోనే లేచి పారిపోయేదాన్నట. పెళ్లయ్యాక మా ఆయన నాకు 'కాలుగాలిన పిల్లి' అని పేరు పెట్టాడు. ఆయన బస్సు డ్రైవరు. పొద్దస్తమానం ఒకే సీట్లో కూర్చునే మనిషికి నాలాంటి పెళ్లాం దొరకడం ఎవరి పొరపాటో నాకు తెలియదు. కూర్చున్నప్పుడు కూడా నా కుడికాలు ఊగుతూనే ఉంటుంది. ఊగితే ఊగింది, ఎవరి సొమ్మేం పోయింది?

ఇలాంటిదాన్ని పట్టుకొచ్చి పిట్టల దీవికి కాపలా పెట్టారు. నాన్న చేసి దిగిపోయిన ఉద్యోగమే నాకిచ్చారు. మా ఇల్లు ఒడ్డు మీదే. రెండు గదులు, తాళ్లూ సుత్తులూ పెట్టుకునే ఒక కొట్టు, కొట్టు ముందు ఒక బల్ల. బల్ల మీద కూర్చుంటే ఎదురుగా దీవి, బోర్లించిన పళ్లెంలా. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గితే దీవి దాకా రాళ్ల బాట తేలుతుంది. పోటుకి మునిగిపోతుంది. బాట మొదట్లో ప్రభుత్వంవారి బోర్డు ఒకటుంది: 'గూళ్ల కాలంలో ఎవరూ దీవి మీదికి వెళ్లరాదు.' ఎవరూ అంటే జనం. మేం కాదు. మేం కాపలావాళ్లం కదా, ప్రతి ఆటుకీ వెళ్లేవాళ్లం.

దీవి మీద గుడ్లు పెట్టేవి తెల్లటి సముద్రపు పిట్టలు. నెత్తిన నల్లటోపీ పెట్టినట్టుంటుంది కాబట్టి మేం టోపీపిట్టలంటాం. వాటి గూడులో పుల్లా పీచూ ఏమీ ఉండవు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట, అందులో అచ్చం రాళ్లలాగే కనిపించే గుడ్లు, అంతే. మనిషి అడుగు పెడితే చాలు, మంద మొత్తం లేచి పొడవడానికి మీదికొస్తుంది. అన్నిటికంటే ఎత్తుగా ఏది ఉంటే దాన్నే పొడుస్తాయి. అందుకని కాపలావాళ్లు చేతికర్రని తల మీదికి ఎత్తి పట్టుకుని నడుస్తారు. కర్ర దెబ్బలు తింటుంది, మన మాడు బతికిపోతుంది. నడక వచ్చిన దగ్గర్నుంచీ నాన్న వెనకాల నేనలాగే తిరిగాను. చెవులు చిల్లులు పడే ఆ గోల మధ్య నాన్న నవ్వుతూ, "చూశావా, మనల్ని పలకరిస్తున్నాయి" అనేవాడు. గోల ఎంత ఎక్కువుంటే ఆ ఏడు అంత బాగున్నట్టు మాకు లెక్క.

ఆ గోల ఆగిపోయి మూడేళ్లయింది. ఎక్కడిదో పాత పడవ కొట్టుకొచ్చి దీవి రాళ్లకు తగిలింది, అందులోంచి ఎలుకలు దిగాయి. గుడ్డు మిగల్లేదు, పిల్ల మిగల్లేదు. పిట్టలు వెళ్లిపోయాయి. తర్వాత ఎలుకల్ని ఒక్కటి లేకుండా ఏరిపారేశాం. అయినా పిట్టలు రాలేదు. గూళ్ల కాలం మొదట్లో గుంపులుగా పైన తిరుగుతాయి, చూస్తాయి, పోతాయి. ఇల్లు అద్దెకు చూడ్డానికొచ్చి గుమ్మంలోంచే వెనక్కి తిరిగే వాళ్లలాగా.

మా పై అధికారి మంచావిడే. ఉన్నమాట మొహం మీదే చెప్పింది. "ఈ సీజన్లో కూడా పిట్టలు దిగకపోతే నేను ఆపలేనమ్మా. పిట్టలు లేని దీవికి పిట్టల కాపలా ఎందుకని పైన అడుగుతున్నారు. జాబితాలోంచి తీసేస్తే విహారపడవల వాళ్లకి ఇచ్చేస్తారు." విహారపడవలంటే గొడుగులు, కుర్చీలు, మైకులో పాటలు. ఆ గులకరాళ్ల మీద ఒకసారి కుర్చీలు పడ్డాయంటే ఇంక ఏ పిట్టా దిగదు. ఆ మాట విన్నప్పట్నుంచీ నాకు నిద్ర లేదు, తిండి సయించలేదు.

ఆవిడే ఒక ఉపాయం కూడా చెప్పింది. చెక్కతో పిట్టల్ని చేసి, రంగులేసి గులకరాళ్ల మీద నిలబెట్టి, పిట్టల మంద చప్పుడు స్పీకర్లో వినిపిస్తే, పైన తిరిగేవి తమవాళ్లు కింద ఉన్నారనుకుని దిగుతాయట. వేరేచోట్ల దిగాయట. చెక్కపిట్టల్నీ స్పీకర్నీ బ్యాటరీనీ ఆవిడే పంపించింది. "చప్పుడు మాత్రం మీ దీవిదైతేనే మంచిది. పాత రికార్డింగేమైనా ఉందా?" అని అడిగింది.

ఉండకేం! నాన్న టేపు ఉంది. పిట్టలు విరగబడి వచ్చిన ఒక ఏడు, దీవి నడిమధ్య నిలబడి నాన్న రికార్డు చేసిన క్యాసెట్టు. మా ఇంట్లో పెళ్లి ఆల్బం కంటే దానికే మర్యాద ఎక్కువ. మొదట నాన్న బూట్ల చప్పుడు, తర్వాత పిట్టల గోల, మధ్యలో "అబ్బబ్బ, అరవకండే, వెళ్తున్నాగా!" అని నాన్న గొంతు. ఆ మాట దగ్గర ప్రతిసారీ ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. మనిషి గొంతు వింటే పిట్టలు బెదురుతాయేమోనని, రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లి, నాన్న మాటల్నీ బూట్ల చప్పుడునీ తీసేయించి, పిట్టల గోల మాత్రం ఉంచి తెచ్చాను. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

స్పీకరు పెట్టి నెల దాటింది. కాసేపు మోగుతుంది, కాసేపు ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. ఒక్క పిట్ట దిగలేదు. ప్రతి ఆటుకీ వెళ్లి తీగల మీది ఉప్పు తుడిచి, చెక్కపిట్టల్ని ఇటువి అటు, అటువి ఇటు పెట్టి వచ్చేదాన్ని. వచ్చి బల్ల మీద కూర్చుని కాలు ఊపేదాన్ని. "పిట్టలకి నువ్వు కాపలానా, నీకు అవి కాపలానా?" అన్నాడు మా ఆయన. ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు.

నాన్న సంగతొకటి చెప్పాలి. ఆయనకి చెవుడు. ఆ మాట ఆయన ముందు అనకూడదు. ఆయన లెక్క ప్రకారం ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి, లోకమే గొణగడం మొదలుపెట్టింది. తన గొంతు తనకే అందక ఎంత గట్టిగా మాట్లాడతాడంటే, ఇంట్లో "టీ ఏదీ?" అని అడిగితే వీధి చివర మంగలిషాపులోంచి "వస్తోందండీ!" అని జవాబొస్తుంది.

ఆ రోజు ఆటు వేళకి నేను బూట్లు వేసుకుంటుంటే ఆయన కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నేనూ వస్తున్నా!"

"ఆ మోకాళ్లతో రాళ్ల మీద ఎక్కడికి నాన్నా?"

"నువ్వేదో తేడా చేస్తున్నావే. నా టేపు సరిగ్గా వినిపిస్తే అవి రాకపోవడమేంటి? నేనొచ్చి ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది!"

వద్దంటే వినే రకమా! బాట మీద ఆయన ఒక్కో రాయినీ కర్రతో తట్టి, యోగక్షేమాలు కనుక్కుంటున్నట్టు నడిచాడు. నేను ముందుకెళ్లి, వెనక్కొచ్చి, మళ్లీ ముందుకెళ్లి, ఒకే బాటని రెండుసార్లు నడిచాను.

దీవి ఎక్కగానే స్పీకరు దగ్గర వంగి చెవి పెట్టాడు. "ఏం వినపడి చస్తోంది ఇందులో? అందుకే రావట్లేదు!" అంటూ మీట చివరిదాకా తిప్పేశాడు. ఆ గోలకి నా పళ్లు జివ్వుమన్నాయి. తగ్గించబోతే చేతి మీద ఒక్కటేశాడు. "ఉండనీ! గోలుంటేనే పిట్ట ఉన్నట్టు!" ఆ తర్వాత చెక్కపిట్టల్ని సర్దడం మొదలుపెట్టాడు. "బడిపిల్లల్లా వరసకట్టి నిలబెట్టావేంటే? మొహాలు గాలికి ఎదురుగా ఉండాలి, ఇదిగో, ఇలా!" నీళ్లొస్తున్నాయి పద నాన్నా, పద నాన్నా అని నేను అంటూనే ఉన్నాను. ఎవరికి చెప్పుకోను? ఆయన నడుం ఎత్తేసరికి బాట మునిగిపోయింది. ఆ ప్రవాహంలో ఆయన్ని నడిపించడం నా వల్ల కాదు. మళ్లీ ఆటు వచ్చేదాకా ఇద్దరం అక్కడే ఉండిపోవాలి.

దీవికి బాట వైపు చివర చెక్కలతో కట్టిన మాటుగది ఒకటుంది. లోపల కూర్చుంటే పిట్టలకి మనం కనపడం, ముందు గోడలో ఉన్న సన్నటి సందులోంచి మనకవి కనపడతాయి. తలుపు వెనకవైపు. నిజానికి మేం దాన్ని వాడింది తక్కువ. కర్ర ఎత్తుకుని మంద మధ్యలోకి నడిచి వెళ్లేవాళ్లకి మాటెందుకు? బెంచీని తలుపుకి ఆనించి వేసి ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. నాన్న అలసిపోయాడు. తలుపుకి చేరగిలబడి, తల నా భుజం మీదికి వాల్చి నిద్రపోయాడు.

పైన పిట్టలు తిరుగుతున్నాయి. మామూలుగా వచ్చేదానికంటే పెద్ద గుంపు. టేపు ఆగిన కాసేపూ కిందికొచ్చేవి, మోగగానే పైకి లేచేవి. మళ్లీ ఆగితే కిందికి, మోగితే పైకి. ఇంత కళ్లారా చూసి కూడా నా బుర్రలో దీపం వెలగలేదు. చప్పుడు ఇంకా చాలట్లేదేమో, రెండో స్పీకరు అడగాలి అనుకున్నాను.

ఉన్నట్టుండి స్పీకరు గుర్రుమని ఒక మూలుగు మూలిగి చచ్చిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నెలరోజుల్నుంచి మోగినంత కాలం మోగి, పిట్టలు నెత్తిమీదికొచ్చిన రోజునే ఆగాలా? అంత గట్టిగా పెట్టొద్దు నాన్నా అంటే విన్నాడా? పరిగెత్తుకెళ్లి బాగుచెయ్యాలి. కానీ నాన్న తలుపుకి అడ్డంగా ఉన్నాడు. కదిపితే లేస్తాడు. లేస్తే "ఏంటే? ఏమైందే?" అని అరుస్తాడు. ఆ అరుపుకి ఇక్కడి పిట్టలు కాదు, అవతలి తీరంలోవి కూడా లేచిపోతాయి. నా కాలు ఊగడం మొదలుపెట్టింది. కాలితోపాటు బెంచీ, బెంచీతోపాటు నాన్న తల. ఆయన కనురెప్పలు కదిలాయి. చటుక్కున రెండు చేతులతో నా మోకాలిని నేనే పట్టుకుని అదిమేశాను. కాలు ఆగింది గానీ, ఆ ఊపంతా గుండెలోకి ఎక్కినట్టు దడదడలాడింది. ఈసారి కూడా దిగకపోతే కుర్చీలొస్తాయి, గొడుగులొస్తాయి, ఇదంతా నా కళ్ల ముందే పోతుంది, నేనిక్కడ మోకాలు పట్టుకుని కూర్చున్నాను అని ఏడుపొచ్చింది.

ఒక పిట్ట దిగింది.

ఒక చెక్కపిట్ట పక్కనే దిగి, రెక్కలు ముడుచుకుని, అటూ ఇటూ చూసింది. దాని వెనక ఇంకొకటి. ఇంకో రెండు. తర్వాత ఇంక లెక్క తెలియలేదు, పైనున్నదంతా కిందికొచ్చేసింది. ఒకడు ముక్కున చేప కరుచుకొచ్చి నాన్న సర్దిన చెక్కపిట్ట ముందు పెట్టి, వంగి వంగి దండాలు పెట్టాడు. ఆవిడ పలకలేదు. చేపని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. పెళ్లిచూపుల్లో మా ఆయన నాకు మంచినీళ్ల గ్లాసు ఇలాగే జరిపాడు. నవ్వాపుకోలేక చేత్తో నోరు మూసుకున్నాను.

అప్పుడు వినిపించింది. కుర్ర్, కుర్ర్, కుక్. గొంతులోనే తిరిగే చిన్న చప్పుడు. ఒకటి అంటే పక్కది అందుకుంటోంది, దాని పక్కది అందుకుంటోంది. పక్కింటివాళ్లు గోడవతల మాట్లాడుకుంటుంటే మాటలు తెలియకుండా గొంతులు మాత్రం వినపడతాయే, అలా. దీవంతా అదే. నేను పుట్టి పెరిగింది ఈ పిట్టల మధ్యే, ఆ చప్పుడు మాత్రం ఎప్పుడూ వినలేదు.

ఎందుకు వినలేదో అప్పుడు తెలిసింది. మేం ఎప్పుడు విన్నా మేం అక్కడ ఉన్నాం. కర్ర ఎత్తుకుని, గుడ్ల మధ్య బూట్లేసుకుని నిలబడి విన్నాం. మేం పిట్టల గోల అనుకున్నది పిట్టలు మమ్మల్ని చూసి పెట్టిన గోల. 'వచ్చారు, వచ్చారు, లేవండి, పారిపోండి' అన్న కేక. నాన్న టేపు నిండా ఉన్నది అదే. ఆయన మాటల్ని కత్తిరించి, ఆయన మీద పిట్టలు పెట్టిన పెడబొబ్బల్ని మాత్రం జాగ్రత్తగా ఉంచి, 'దిగండి, ఇల్లు బాగుంది' అని చెప్పడానికి నెలరోజులు వినిపించాను. కిందినుంచి పారిపోండని కేక వినపడుతుంటే ఏ పిట్ట దిగుతుంది? సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి.

నా భుజం మీద బరువు తగ్గింది. నాన్న లేచాడు.

ఆయన నోరు తెరవడం చూశాను. ఊపిరి పీల్చుకోవడం చూశాను. ఇంకో క్షణమైతే "ఏంటే!" వచ్చేసేది. నా అరచేయి ఆయన నోటిని మూసేసింది. పుట్టి బుద్ధెరిగాక నాన్న మాటకి ఎదురుచెప్పాను, విసుక్కున్నాను, అలిగాను, కానీ ఆయన మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. ఆయన కళ్లు కోపంతో పెద్దవయ్యాయి. రెండో చేత్తో సందు వైపు చూపించాను.

చూశాడు. నా అరచేతిలో ఆయన ఊపిరి ఆగిపోయింది. చాలాసేపు అలా చూస్తూనే ఉన్నాడు. తర్వాత నా చేతిని మెల్లిగా తీసి పక్కన పెట్టి, సందుకి మొహం ఆనించాడు. చెక్కపిట్ట ముందు ఇంకా వేడుకుంటున్న పెళ్లికొడుకుని చూశాడు, గులకరాళ్లలో పొట్ట ఆనించి గుంట తవ్వుకుంటున్నవాటిని చూశాడు. మొహం ఇటు తిప్పి, వేలితో తన పెదాలు తాకి, పిట్టల వైపు చూపించి, పెదాలు బిగించి చూపించాడు. నోళ్లు మూసుకుని ఉన్నాయి. ఆయన ఇన్నేళ్లూ చూసినవన్నీ నోళ్లు తెరిచిన పిట్టలే. స్పీకరు వైపు చెయ్యి తిప్పి, ఏమైందన్నట్టు చూశాడు. ఆగిపోయిందని సైగ చేశాను. ఆయనకి అర్థమైందని మొహంలోనే తెలిసింది. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు, అంతవరకు నా అదృష్టం. చెప్పాల్సొస్తే ఏమని చెప్పేదాన్ని?

కాసేపటికి తన చెవిని తాకి నా వైపు చూశాడు. ఏం వినపడుతోంది?

ఆయన తన చెవుల సంగతి నా ముందు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆయన చెవికి నోరు ఆనించి, వచ్చినట్టు చేశాను. కుర్ర్, కుర్ర్, కుక్. పాట రానిదాన్ని, ఈల రానిదాన్ని, మెల్లిగా మాట్లాడ్డమే రానిదాన్ని. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. ఆపితే వేలితో ఇంకోసారి అన్నాడు. బాట తేలేదాకా ఎన్నిసార్లు చేశానో!

ఆటు వచ్చాక వెనక తలుపులోంచి వంగి బయటపడ్డాం. నాన్న కర్ర రాళ్ల మీద టకటకమంటుందని మాటుగదిలోనే వదిలేసి నా భుజం పట్టుకున్నాడు. బాట సగం దాటాక ఆగాడు.

"టేపులో అవి నన్ను తిడుతున్నాయన్నమాట!"

"మనిద్దర్నీ నాన్నా."

"పలకరిస్తున్నాయనుకున్నానే!" అన్నాడు. అరిచాడనే చెప్పాలి, సముద్రం మీద అంతా వినపడింది. తర్వాత నవ్వాడు, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మళ్లీ నడవడానికి ఆయనకి కొంతసేపు పట్టింది.

మర్నాడు పై అధికారి వచ్చింది. బైనాక్యులరు కళ్లకి పెట్టుకుని, "అమ్మో, దీవి తెల్లబడిందే!" అంది. ఈ ఏడు కాదు కదా, ఇంకెప్పుడూ జాబితాలోంచి తీసేసే మాట ఎత్తనివ్వనంది. చెప్పాల్సిందంతా చెప్పాను, టేపు సంగతితో సహా. ఆవిడకి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

"ఎన్ని జంటలో వెళ్లి చూసొచ్చావా మరి?"

"లేదండీ."

"అదేంటి?"

"బోర్డు చదివానండీ. ఎవరూ వెళ్లకూడదని రాసుంది."

ఆవిడ వెళ్లిపోయింది. ఆటు వచ్చింది. బాట తేలింది. అలవాటు కొద్దీ బూట్లు వేసుకుని, వేసుకున్నానని తెలిసి విప్పి, బల్ల మీద కూర్చున్నాను. కాలు దాని పని అది చేసుకుపోతోంది. నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో కర్ర లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు ఆయనకి.

"ఒక్కసారి వెళ్లొద్దామా? మాటుగది దాకానే. కర్ర కూడా అక్కడే ఉండిపోయింది."

వెళ్లాలని ఆయన కంటే నాకే ఎక్కువుంది. లేవబోయి ఆగాను.

"వద్దు నాన్నా."

"ఎలా ఉన్నాయో ఏమో!"

"బాగుంటాయి నాన్నా. మనం లేంగా అక్కడ."

ఆయన నా ఊగే మోకాలి మీద తన చెయ్యి వేసి, చెవి నా వైపు వంచాడు.